మందకొడి ఈగలు

తిప్పేస్వామి చేసిన పని పగవాడు కూడా చేయడని అశ్వత్థప్ప ఇప్పటికీ టీ కొట్టు దగ్గర దొరికిన ప్రతివాడికీ చెబుతాడు. స్వయానా పెళ్లాం తమ్ముడు. అమ్మానాన్నా పోయి దిక్కులేకుండా ఉన్న పిల్లవాణ్ణి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. మల్బరీ ఆకు కోయడం, పట్టుపురుగుల తట్ట మార్చడం, పురుగు ఒళ్లు చూసి రోగం పట్టడం నేర్పించాడు. చివరికి కన్నకూతురు శివగంగనిచ్చి పెళ్లి చేశాడు. బావమరిదీ వాడే, అల్లుడూ వాడే. బయటివాడికి పిల్లనిస్తే పొలం కూడా బయటికి పోతుందని, అన్నీ ఆలోచించి చేసిన సంబంధం అది. అలాంటివాడు కత్తి పట్టకుండానే గొంతు కోశాడు.

అంతవరకు చెబుతాడు. ఎందుకు కోశాడప్పా అని ఎవరైనా అడిగితే మాత్రం గ్లాసు కింద పెట్టి లేచిపోతాడు.

అశ్వత్థప్ప చదివింది ఐదో తరగతి. అయితేనేం, మడకశిర చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగుల పెంపకంలో అతన్ని మించినవాడు లేడని పేరు. వేరేవాళ్ల షెడ్లలో పాలరోగం వచ్చి తట్టలకు తట్టలు కుళ్లిపోయిన ఏడు కూడా అతని షెడ్డులో గూళ్లు వెండిలా మెరిశాయి. పట్టుపరిశ్రమ వాళ్లు పిలిచి స్టేజీ మీద శాలువా కప్పారు. ఆ శాలువా ఇనప్పెట్టెలో ఉంటుంది. పెళ్లిళ్లకు తీస్తాడు.

అతని రహస్యం పెద్దదేమీ కాదు. పురుగులు జ్వరం నుంచి, అంటే పొర విడిచే ముందు పోయే నిద్ర నుంచి, లేచే పొద్దున తట్ట ముందు కూర్చుంటాడు. పొర విడిచి, తల ఎత్తి, ఆకు కోసం వెతికేవాటి జోలికి పోడు. లేవడంలో వెనకబడినది, ఒళ్లు నిగనిగలాడేది, ఆకు మీద పెట్టినా కదలనిది కనబడితే పుల్లతో ఎత్తి పక్కనున్న చిప్పలో వేస్తాడు. చిప్ప నిండితే షెడ్డు వెనక సున్నపు గుంటలో కుమ్మరించి, చేతులు రెండూ దులుపుకుంటాడు.

"ఒకదాన్ని చూసి అయ్యో అన్నామా, తట్టంతా పోతాది" అనేవాడు తిప్పేస్వామితో. "మందకొడి పురుగు కనబడితే నీ చెయ్యి ఆలోచించకూడదురా. చెయ్యే తీసేయాల."

ఆ ఇంట్లో మొదటి మనవరాలు ఉలిగమ్మ. అందరూ ఉలిగి అంటారు. ఏడేళ్లొచ్చినా తల మాత్రం పాలు తాగే బిడ్డ తలంతే ఉంది. కనుబొమల మీదినుంచి నుదురు వెనక్కి జారిపోయి ఉంటుంది. మాటలు రెండే వచ్చు, అమ్మ, బూ. నవ్వు మాత్రం ఎవరు పిలిచినా నవ్వుతుంది. పొరుగు పిల్లలు కొబ్బరికాయ అని పిలిచినా నవ్వుతుంది. అశ్వత్థప్ప ఆ పిల్లను ఎత్తుకోగా ఎవరూ చూడలేదు.

శివగంగకు రెండోసారి నెల తప్పినప్పుడు ఆస్పత్రిలో డాక్టరమ్మ పెదవి విరిచి, హిందూపురం దాటి బెంగుళూరు రోడ్డులో ఒక ల్యాబు ఉందని, అక్కడ కుముద అనే ఆమెను కలవమని చెప్పింది. అశ్వత్థప్ప, కూతురు, అల్లుడు ముగ్గురూ బస్సెక్కారు.

ల్యాబంటే మందు వాసన వస్తుందనుకున్నారు. తలుపు తీస్తే పులిసిన బెల్లం వాసన కొట్టింది. గదినిండా గాజు సీసాలు, సీసా మూతికి దూది, లోపల నువ్వుగింజంత ఈగలు. మురగబెట్టిన అరటిపండు మీద ముసిరే రకం. డాక్టర్ కుముదది కోస్తా వైపు. యాభై దాటిన మనిషి, చీర కొంగు నడుముకు దోపుకుని పని చేస్తుంది. ముగ్గురి రక్తమూ తీసుకుని పంపించి, కొన్నాళ్లకు మళ్లీ పిలిచింది. టీవీ లాంటి తెర ముందు కూర్చోబెట్టింది.

"ఇది మామూలు ఈగ గుడ్డు. లోపల ఒక కణం రెండుగా చీలబోతోంది. చూడండి."

నల్లటి తెర మీద పచ్చటి దారాలు లేచాయి. మధ్యలో ఉబ్బి, అటు కొస ఇటు కొస సన్నబడి, నూలు చుట్టిన కదురులా నిలబడ్డాయి. మధ్యనున్న సరుకును చెరిసగం చేసి రెండు పక్కలకూ లాగేశాయి. ఒకటి రెండయింది.

"ఇది మీ ఇంటి జన్యువు పెట్టిన ఈగ గుడ్డు."

దారాలు ఇక్కడా లేచాయి. కానీ కొసలు కూడలేదు. కట్టు తెగిన చీపురులాగా ఎటు పడితే అటు విచ్చుకుని, సరుకును లాగలేక, అట్లే నిలబడిపోయాయి. కాసేపటికి తెర నల్లబడింది. గుడ్డు చచ్చింది.

అశ్వత్థప్ప కుర్చీలో ముందుకు జరిగాడు. "దారం ఉండాది గదమ్మా. పట్టుకునేదే లేదు. చంద్రిక లేని తావ పురుగు గూడు కట్టినట్ల."

"చంద్రిక అంటే?"

"వెదురుతో అల్లిన చాప మేడమ్" అన్నాడు తిప్పేస్వామి. "చుట్లు చుట్లుగా గోడ కట్టుంటారు. పురుగు దాని సందులో కూసుంటేనే గూడు కుదురుగా వస్తాది. లేకపోతే దారమంతా దండగ."

కుముద నవ్వింది. "దారాల కొసలను పట్టి ఉంచే ప్రొటీనుకు మా వాళ్లు నోరు తిరగని పేరు పెట్టారు. ఇకనుంచి చంద్రికే. బిడ్డ మెదడు పెరిగే నెలల్లో ఈ చంద్రిక సరిగ్గా లేకపోతే కణాలు చీలలేక చచ్చిపోతాయి. తల పెరగదు. ఉలిగమ్మకు అదే జరిగింది. ఈ బిడ్డకూ అదే ఉందని తల్లి రక్తంలోనే తెలిసింది."

శివగంగ చెయ్యి పొట్ట మీదికి పోయింది. తిప్పేస్వామి "మాకే ఎందుకు మేడమ్?" అన్నాడు.

"చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చింది. ఒకటే వస్తే ఏమీ కాదు. రెండూ రావడమే కష్టం. ఒకే ఇంట్లో ఇచ్చి పుచ్చుకున్నారు కదా."

అశ్వత్థప్పకు చెంప మీద కొట్టినట్టయింది. మా ఇంటి పొలం గురించి ఈమెకేం తెలుసు అనుకున్నాడు.

మందు ఉందని ఆమే చెప్పింది. ఇంతవరకు ఎవరూ చేయని మందు. ఆ ఇంటి జన్యువు పెట్టిన ఈగల్లో దాదాపు అన్నీ గుడ్డులోనే పోతాయి. ఎక్కడో ఒకటీ అరా బయటికి పాకుతాయి. ఎలా బతికాయి? ఇంకో ప్రొటీను, తన పని కాకపోయినా, ఆ దారాల కొసలను పట్టుకుంది. ఆ ఈగలకు పుట్టినవాటిలో ఆ పట్టు ఇంకొంచెం గట్టిగా ఉంటుంది. వాటి నుంచి ఆ ప్రొటీను తీసి తల్లికి ఇంజెక్షన్ ఇస్తే బిడ్డకు చేరుతుంది. అయితే ఏ ఇంటికి ఆ ఇంటి ఈగలే. ఇంకొకరివి పనికిరావు.

"ఒకటే భయం" అంది కుముద. "ఈగలకు పేలలాంటివి పడతాయి. ఒక్క సీసాకు పడితే గదంతా కాల్చేయాలి. అందుకే రెండో సెట్టు వేరే చోట ఉండాలి. మీరు పురుగులు పెంచేవాళ్లు కదా, మీ షెడ్డులో ఉంచుతారా?"

"దానికేమి, ఉంచుతాం."

"సీసాలో రెండు రకాలు ఉంటాయి. చురుకైనవి, మందకొడివి. ఏదీ తీయకండి. పాత సీసాలోంచి కొత్త సీసాలోకి అన్నీ మార్చండి. ఎందుకంటే..."

"ముప్పై ఏండ్ల నుంచి ఇదే పని చేస్తాండామమ్మా" అన్నాడు అశ్వత్థప్ప లేస్తూ. "మాకు పురుగు గురించి చెప్పాల్నా?"

తిప్పేస్వామి అక్కడే ఉన్నాడు గదా, ఆగు బావా, ఆమెను చెప్పనీ అని ఒక మాట అనొచ్చు కదా. అనలేదు. బస్సుకు టైమవుతోందని సంచి చంకన పెట్టుకున్నాడు. ఈ సంగతి అశ్వత్థప్ప ఇప్పటికీ మరచిపోలేదు.

ఊళ్లో సంగతి పొక్కింది.

"ఏమప్పా అశ్వత్థప్పా, పట్టుపురుగును తినే ఊజీ ఈగ కనబడితే చెప్పు తీసేవాడివి. ఇప్పుడు ఈగలకు బెల్లం పాకం పోస్తాండావంట?"

"ఈగ గూళ్లు మార్కెట్లో ఏం రేటు పలుకుతాండాయి మామా? మాకూ నాలుగు సీసాలు ఇస్తే మల్బరీ పీకేస్తాం."

నవ్వితే నవ్వారు. అశ్వత్థప్ప షెడ్డులో ఒక మూల దోమతెర కట్టి, సున్నం కొట్టి, బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి సీసాలు పేర్చాడు. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు కలిపి మెత్తగా ఉడికించి తానే పోసేవాడు. తిప్పేస్వామిని కూడా తెరలోకి రానిచ్చేవాడు కాదు.

మొదటి ఇంజెక్షన్లు ల్యాబు ఈగల నుంచే వచ్చాయి. స్కాను గదిలో తెర మీద బిడ్డ తల చుట్టూ గీత గీసి, లెక్క చూసి, కుముద కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నెలకు తగ్గట్టే ఉంది."

"ఉలిగిది అప్పటికి ఎంతుండె మేడమ్?" అంది శివగంగ.

"ఇందులో సగమే."

శివగంగ బల్ల మీద పడుకునే ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. తిరిగి వస్తూ తిప్పేస్వామి బస్సులో పక్కవాళ్లకు కూడా మైసూరుపాకు పంచాడు. "బావా, మగపిల్లోడైతే నీ పేరే" అన్నాడు. అశ్వత్థప్ప మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. తట్ట బాగుపడుతోంది.

బాగుపడుతున్న తట్టలో రోగిష్టివి ఉండకూడదు. సీసాల్లో కొన్ని ఈగలు బలంగా, ఎర్రటి కళ్లతో, వేలు తగిలితే చాలు ఎగిరేవి. కొన్ని గాజు కింద బెల్లం తడిలో పాకేవి. రెక్కలున్నా ఎగిరేవి కావు. ఒకదాని మీద ఒకటి పడి, కాళ్లు ఆడిస్తూ ఉండేవి. చావును తప్పించుకుని బతికి బయటపడ్డ ఈగలంటే ఆ బలమైనవే అయ్యుండాలి అనుకున్నాడు అశ్వత్థప్ప. వీటి రోగం వాటికి అంటితే? కూతురి మందుకు అంటితే? ఏసీ గదిలో కూర్చునే ఆమెకు ఏరివేత సంగతి ఏం తెలుసు? చెయ్యి ఆలోచించలేదు. సీసా మార్చే ప్రతి పొద్దునా సీసాను కాసేపు చల్లటి నీళ్లలో పెట్టి ఈగలను మత్తులో ఉంచి, తెల్ల కాగితం మీద వంచి, కుంచె కొసతో మందకొడివాటిని ఏరి చిప్పలో వేసి సున్నపు గుంటలో కుమ్మరించాడు. చేతులు దులుపుకున్నాడు. ఉలిగి షెడ్డు గడప మీద కూర్చుని అంతా చూసేది. నవ్వేది.

ఒకరోజు ఆ పిల్ల దగ్గర ఖాళీ టీపొడి డబ్బా కనబడింది. మూతకు మేకుతో పొడిచిన చిల్లులు. లోపల బెల్లం ముక్క, దాని మీద పాకుతున్న ఈగలు. చిప్పలోంచి గుంటలో పడేలోపల ఎప్పుడెప్పుడు ఏరుకుందో, దాచుకుంది.

"ఛీ, ఇయ్యి ఇట్ల!" అని లాక్కున్నాడు. ఉలిగి డబ్బా వదల్లేదు. వేళ్లు విడదీయాల్సి వచ్చింది. "నీ మాదిరివే దొరికెనా నీకు?" అన్నాడు. డబ్బా తీసుకెళ్లి గుంటలో బోర్లించి, పైన చేటెడు సున్నం చల్లాడు. ఉలిగి బూ, బూ అని గుంట ఒడ్డున కూర్చుంది.

ఆ మధ్యాహ్నమే కుముద జీపు వచ్చింది. ఆమె జుట్టు రేగిపోయి ఉంది.

"ల్యాబులో పేలు పడ్డాయి. అన్నీ కాల్చేశాం. మీ సెట్టు ఉంది కాబట్టి బతికాం. మందు ఆగకూడదు అశ్వత్థప్ప గారూ, ఇప్పుడే మెదడు కణాలు జోరుగా చీలేది. ఏవీ, చూపించండి."

అశ్వత్థప్ప దోమతెర ఎత్తాడు. కూతురూ అల్లుడూ పెళ్లాం హొన్నూరమ్మా వెనక నిలబడ్డారు, వాళ్ల పక్కన ఉలిగి. సీసాల్లో ఈగలు గింజలు వేగినట్టు చిటపటలాడుతున్నాయి.

"చూడమ్మా. ఒక్క రోగిష్టి ఈగ లేదు. మీ ల్యాబులో గూడా ఇట్లాటివి ఉండవు."

కుముద ఒక సీసా వెలుతురుకు ఎత్తి పట్టింది. ఇంకొకటి తీసింది. తర్వాత ఇంకొకటి. ఆమె ముఖంలో రంగు ఒక్కో సీసాకు కొంచెం కొంచెం పోయింది.

"మందకొడివి ఏవి?"

అతను దోమతెర అంచు మడిచి మేకుకు తగిలించాడు.

"అవే కదండీ మందు. చంద్రిక లేకుండా బతికినవి అవే. ఆ బతకడానికే వాటి ఓపికంతా అయిపోతుంది, అందుకే పాకుతాయి. ఈ బలిసినవాటికి జన్యువు ఒకటి చెడినా రెండోది బాగానే ఉంది, వీటిలో మనకు కావలసిందేదీ లేదు. ఎక్కడున్నాయి అవి? ఒక్క జత చాలు. ఎక్కడైనా, ఏ మూలైనా, ఒక్క జత."

అశ్వత్థప్పకు టీపొడి డబ్బా కళ్లముందు కనబడింది. మూత మీది చిల్లులు కూడా కనబడ్డాయి. శివగంగ గోడ పట్టుకుని అతని వైపే చూస్తోంది.

"నాకేం తెల్సమ్మా" అన్నాడు. "ఈ పిల్ల ఎప్పుడూ ఇక్కడే తిరుగుతాంటాది. సీసాల్లో చెయ్యి పెట్టినట్టుండాది. దానికేం తెలుస్తాది, పాపం."

ఆ పాపం అన్న మాట కూడా అన్నాడు.

తిప్పేస్వామి వెనక్కి తిరిగి ఉలిగిని ఒక్కటి కొట్టాడు. పిల్ల పోయి తట్టల మీద పడింది. పుట్టిన తర్వాత ఆ పిల్ల మీద ఎవరి చెయ్యయినా పడటం అదే మొదటిసారి. ఏడవలేదు, ఏమైందో అర్థం కాలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని లాగింది. బూ, బూ అంటూ షెడ్డు వెనక్కి తీసుకెళ్లింది. గుంట ముందు గొంతుక్కూర్చుంది. నేల మీద లేని కాగితం పరిచింది. లేని కుంచెతో ఒక్కొక్కటే ఏరింది. అరచేతిని చిప్ప చేసి గుంటలో బోర్లించింది. తర్వాత మూతి బిగించి, తాత మాదిరే, చేతులు రెండూ దులుపుకుంది. దులుపుకుని నాన్నను చూసి నవ్వింది.

తిప్పేస్వామి గుంటలోకి చూశాడు. సున్నం మీద నువ్వులు చల్లినట్టు ఈగలు. పక్కన టీపొడి డబ్బా మూత.

కుముద మోకాళ్ల మీద కూర్చుని చెంచాతో తవ్వింది. వేళ్లు బొబ్బలెక్కేదాకా తవ్వింది. బతికినది ఒక్కటీ లేదు.

"మళ్లీ మొదలుపెట్టలేమా మేడమ్?" అన్నాడు తిప్పేస్వామి.

"పెట్టొచ్చు. అలాంటివి మళ్లీ దొరికేసరికి మీ బిడ్డకు నడక వచ్చేస్తుంది."

తర్వాతి స్కానులో తల చుట్టూ గీసిన గీత, ముందు గీసిన గీతకన్నా ఒక్క వెంట్రుక వాసి పెరిగింది. ఆ తర్వాతి దానిలో అదీ లేదు. శివగంగ ఈసారి తెర వైపు తల తిప్పలేదు.

మగపిల్లవాడే పుట్టాడు. వాడి తల ఉలిగి తలకన్నా పెద్దది, అందరి తలకన్నా చిన్నది. దొరికిన మందు దొరికినంత పని చేసింది. వాడికి మాటలు వచ్చాయి. బడికి పంపారు కూడా. రెండు అంకెలు కలపడం వాడికి రాదు. కానీ రాదని వాడికి తెలుసు. ఉలిగిని కొబ్బరికాయ అంటే నవ్వుతుంది. వాణ్ణి అంటే పరిగెత్తుకొచ్చి తల్లి కొంగులో తల దాచుకుని, "అమ్మా, నా తల ఎప్పుడు పెద్దదవుతాది?" అని అడుగుతాడు. రోజూ అడుగుతాడు. వాడికి అశ్వత్థప్ప పేరు పెట్టలేదు.

వాడు పుట్టి పురుడు వెళ్లగానే తిప్పేస్వామి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. బావా అనలేదు, మామా అనలేదు.

"అశ్వత్థప్పా. ఇద్దరు బిడ్డలుండారు. నేను పోయినాక వాళ్లను చూసే దిక్కు లేదు. తోట వాళ్ల పేరున రాయి."

"నా తోట నీకెందుకు రాయాల్రా?"

"నాకు గాదు. వాళ్లకు."

"రాయకపోతే?"

"ఊరంతా పిలిచి ఆ గుంట తావ నిలబెడతా. ఉలిగితో మళ్లీ చేయించి చూపిస్తా. మందు ఏరి పారేసినావని చెప్తా. పారేసి, మాటరాని పిల్ల మీద తోసినావని చెప్తా. నీ శాలువా కప్పుకొని రా, కూసొని చూద్దువు."

హొన్నూరమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. మొగుడి వైపు కాకుండా తమ్ముడి వైపు చూసి, "రాయించుకోరా" అంది.

అశ్వత్థప్ప చాలాసేపు ఇనప్పెట్టె వైపు చూశాడు. మరుసటి వారం మడకశిర రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం చేశాడు. ఏమిటప్పా ఇంత తొందర అని దస్తావేజు రాసేవాడు అడిగితే, మనవళ్ల మీద ప్రేమ అన్నాడు.

ఇప్పుడు వేరేవాళ్ల షెడ్లలో కూలికి పోతాడు. రోగిష్టి పురుగులు ఏరడంలో ఇప్పటికీ అతని చెయ్యే చెయ్యి. పని అయ్యాక టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు. ఈగలే బలహీనం, ల్యాబామెకే పెంపకం తెలియదు, ఆ మందు ఎట్లాగూ పనిచేసేది కాదు అని తనలో తాను అనుకుంటాడు. బయటికి మాత్రం తిప్పేస్వామి పేరే ఎత్తుతాడు. ఎంత పోయిందప్పా అని ఎవరైనా అడిగితే గ్లాసు కింద పెట్టడు, లేచిపోడు. ఈ ఒక్కదానికి తడుముకోకుండా జవాబు చెబుతాడు. రెండెకరాల పదిహేడు సెంట్ల మల్బరీ తోట, బోరుతో, షెడ్డుతో, షెడ్డు వెనక సున్నపు గుంటతో సహా.